అంతా చిన్నదే, కష్టం తప్ప

పొడవు పది సెంటీమీటర్లకు కాస్త తక్కువ. వెడల్పు మూడు సెంటీమీటర్లు, అటూ ఇటూగా. కింద రెండు ఇరుసులు, నాలుగు బుల్లి చక్రాలు. పైన వేలు జారిపోకుండా అతికించిన పల్చటి పట్టీ. ఫింగర్‌బోర్డ్ అంటే ఇంతే. స్కేట్‌బోర్డ్‌ను దాదాపు ఎనిమిదో వంతుకు కుదించి, కాళ్లకు బదులు రెండు వేళ్లతో నడిపే బొమ్మ ఇది. చూపుడువేలు ముందు, నడిమివేలు వెనక. పక్కన కూర్చున్నవాళ్లకు వినిపించేది బల్ల మీద టక్ టక్ మనే చప్పుడు మాత్రమే. ఆడేవాళ్లు మాత్రం ఒకే విన్యాసాన్ని రెండు వందలసార్లు చేసి, రెండు వందల ఒకటోసారికీ సిద్ధమవుతారు. వాళ్లలో పదేళ్ల పిల్లలున్నారు, నలభై దాటినవాళ్లున్నారు, పెద్ద స్కేట్‌బోర్డ్ మీద ఏళ్ల తరబడి ఆడి మోకాలు పాడుచేసుకున్నవాళ్లూ ఉన్నారు.

ఇంత చిన్న వస్తువు అంతమందిని అంతసేపు ఎలా కూర్చోబెడుతుంది?

చిన్నవంటే మనిషికి ముద్దు అన్నది వెంటనే తోచే జవాబు. అందులో నిజముంది. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టిన ఇంట్లో కొండపల్లి ఎడ్లబండి ముందు పెద్దవాళ్లు కూడా ఒక్క క్షణం ఆగుతారు. ఏటికొప్పాక లక్కపిడతలు చూస్తే చేతిలోకి తీసుకోకుండా ఉండలేరు. పెద్ద వస్తువును మనం ముక్కలు ముక్కలుగా చూసి అర్థం చేసుకుంటామని, కుదించిన వస్తువు మాత్రం మొత్తంగా ఒక్కసారే మన చూపులోకి వస్తుందని ఫ్రెంచ్ మానవశాస్త్రవేత్త క్లాడ్ లెవీ-స్ట్రాస్ గమనించాడు. బుల్లి వస్తువు ఇచ్చే తృప్తి అక్కడి నుంచే వస్తుందని ఆయన ఆలోచన. ఫింగర్‌బోర్డ్‌ను మొదటిసారి చేతిలోకి తీసుకుని చక్రాలు తిప్పి చూసే ఆ అర నిమిషానికి ఈ మాట సరిగ్గా సరిపోతుంది.

ఆ తర్వాతి రెండు గంటలకు సరిపోదు. లక్కపిడతలతో గుజ్జనగూళ్లు ఆడే పిల్ల వండే అన్నం ఎప్పుడూ మాడదు. ఉడికిందంటే ఉడికినట్టే. బొమ్మ కారును చేత్తో తోస్తూ నోటితో హారన్ కొట్టే పిల్లాడి కారు ఎప్పుడూ చెడిపోదు, వాడే చెడిపోయిందని చెప్తే తప్ప. ఊహతో ఆడే ఆటల్లో ఓటమి ఉండదు. వాటి అందం అదే. ఫింగర్‌బోర్డ్ ఆ జాతి బొమ్మ కాదు. అది గాలిలోకి లేచిందని అనుకున్నంత మాత్రాన లేవదు. తిరగాల్సిన దిక్కున తిరగకపోతే, చక్రాల మీద దిగకపోతే, ఎదురుగా తలకిందులుగా పడి కనిపిస్తుంది. చూడటానికి బొమ్మే అయినా నడిచే తీరులో ఇది వాయిద్యానికి దగ్గర. పెద్ద స్కేట్‌బోర్డ్‌ను కుదించినప్పుడు బరువు తగ్గింది, ప్రమాదం తగ్గింది, ఖర్చు తగ్గింది, కావాల్సిన చోటు తగ్గింది. కష్టం ఒక్కటే తగ్గలేదు. దీని ఆకర్షణ అంతా ఆ తేడాలోనే ఉంది.

అది ఎలాగో తెలియాలంటే స్కేట్‌బోర్డింగ్‌లో అన్నిటికీ పునాది అయిన ఆలీ గురించి కాస్త చెప్పుకోవాలి. చేత్తో పట్టుకోకుండా బోర్డుతో సహా గాలిలోకి ఎగరడమే ఆలీ. అమెరికాలోని ఫ్లోరిడాకు చెందిన అలన్ గెల్ఫాండ్ అనే కుర్రాడు 1970ల చివర్లో ఏటవాలు గోడల మీద దీన్ని చేసి చూపించాడు. ఆలీ అన్నది అతని ముద్దుపేరే. 1980ల మొదట్లో రాడ్నీ మల్లెన్ దాన్ని చదునైన నేల మీదకు తెచ్చాడు. ఎగిరిన బోర్డును గాలిలోనే పొడవునా ఒక చుట్టు తిప్పే కిక్‌ఫ్లిప్ కూడా అతని చేతి చలవే. సరిగ్గా చెప్పాలంటే కాలి చలవ.

వేళ్లతో ఆలీ చేసే పద్ధతి కూడా అదే. బోర్డుకు రెండు కొసలూ కాస్త పైకి వంగి ఉంటాయి. వెనక కొసను టెయిల్ అంటారు, ముందు కొసను నోస్. టెయిల్ మీదున్న నడిమివేలు టక్కున కిందికి కొడుతుంది. టెయిల్ బల్లకు తగిలి ఎగురుతుంది, నోస్ పైకి లేస్తుంది. అదే క్షణంలో నడుమనున్న చూపుడువేలు పట్టీ మీద రాసుకుంటూ ముందుకు జారుతుంది. ఆ రాపిడే బోర్డును వేలితోపాటు పైకి లాక్కెళ్లి, గాలిలో సమంగా నిలబెడుతుంది. పెద్ద బోర్డు మీద ఈ రాపిడి కోసం గరుకు కాగితం అతికిస్తారు. వేళ్లకు అది పనికిరాదు, గంటసేపు ఆడితే చర్మం లేచిపోతుంది. అందుకే ఇష్టంగా ఆడేవాళ్లు మెత్తటి ఫోమ్ పట్టీ వాడతారు.

ఇక్కడొక చిన్న లెక్క. మంచి స్కేటర్ అర మీటరు ఎత్తు ఎగిరాడనుకుందాం. లేచి దిగడానికి పట్టే సమయం 0.64 సెకను. ఆ ఎత్తును ఎనిమిదో వంతుకు తగ్గిస్తే 6 సెంటీమీటర్ల పైచిలుకు. గురుత్వాకర్షణ మాత్రం బొమ్మ కదా అని తగ్గదు. అది అందరికీ ఒకటే. అందువల్ల ఆ ఆరు సెంటీమీటర్ల ఎగురుడు 0.22 సెకనులో ముగిసిపోతుంది. రెప్పపాటు అంటాం చూడండి, అక్షరాలా అంత. ఎత్తు ఎనిమిది రెట్లు తగ్గితే సమయం దాదాపు మూడు రెట్లు తగ్గింది, అంటే చేసే పని దాదాపు మూడు రెట్లు తొందరపడింది. కంటితో చూసి, ఆ చూపును బట్టి చేతిని కదిలించడానికి మనిషికి దాదాపు పావు సెకను పడుతుంది. అంటే బోర్డు లేవడం చూసి, ఎటు తిరుగుతోందో గమనించి, వేలిని సరిచేసుకునే లోపే అది కింద పడి ఉంటుంది. చూసి చేయడం అనేది ఇక్కడ కుదరదు. పెద్ద బోర్డు మీద స్కేటర్‌కు గాలిలో సర్దుకునే కాస్త వ్యవధి ఉంటుంది. వేళ్లకు ఆ వెసులుబాటు కూడా లేదు. కదలిక మొత్తం ముందుగానే వేళ్లలో సిద్ధంగా ఉండాలి.

అలా సిద్ధం కావడానికి అన్ని వందలసార్లు కావాలి. మొదటి వందసార్లలో బోర్డు ఎగిరి పక్కకు పడుతుంది. తర్వాత కాస్త లేస్తుంది, కానీ నోస్ పైకే ఉండిపోతుంది. ఒకరోజు ఉన్నట్టుండి రెండు కొసలూ సమంగా లేచి, నాలుగు చక్రాలూ ఒకే చప్పుడుతో బల్ల మీద దిగుతాయి. ఆ ఒక్క చప్పుడు విన్నవాళ్లకు దాని తేడా వెంటనే తెలుస్తుంది. అది ఎలా జరిగిందో మాత్రం చేసినవాళ్లకే అర్థం కాదు. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో ఈ ఆటకు ఇంత దగ్గర కావడానికి కారణం ఇదే. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్‌లో 0.22 సెకను యాభైకి పైగా ఫ్రేములుగా విడిపోతుంది. కంటికి దొరకనిది అక్కడ దొరుకుతుంది. వేలు ఎక్కడ ఆలస్యమైందో, బోర్డు అంచును ఏ మూలన తాకిందో ఒక్కొక్కటిగా కనిపిస్తుంది.

కుదింపు లెక్కలో రెండో వైపు ఇంకా ఆసక్తికరం. పొడవు, వెడల్పు, మందం మూడూ ఎనిమిదో వంతు అయితే బరువు 512వ వంతు అవుతుంది. బలం ఆధారపడే అడ్డుకోత వైశాల్యం మాత్రం 64వ వంతుకే తగ్గుతుంది. అంటే చిన్న వస్తువు తన బరువుతో పోలిస్తే ఎంతో గట్టిది. వస్తువుల పరిమాణం మారితే బలం అదే నిష్పత్తిలో మారదని గెలీలియో 1638లోనే వివరించాడు. గుర్రం పడితే ఎముకలు విరిగే ఎత్తు నుంచి ఎలుక పడినా లేచి పరిగెడుతుంది. ఫింగర్‌బోర్డ్ కూడా అంతే. మేడ మెట్ల మీద నుంచి దొర్లినా దానికి ఏమీ కాదు. పెద్ద స్కేట్‌బోర్డ్ మెట్ల మీద దూకి దిగేటప్పుడు రెండు ముక్కలవడం మామూలు విషయం. దాని మీదున్న మనిషి సంగతి చెప్పక్కర్లేదు.

స్కేట్‌బోర్డింగ్‌లో నిజానికి నేర్చుకోవాల్సింది పడటమే అని ఆ ఆట తెలిసిన ఎవరైనా ఒప్పుకుంటారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో స్కేట్‌బోర్డింగ్‌ను తొలిసారి చేర్చినప్పుడు స్ట్రీట్ (వీధి మెట్లు, గట్ల లాంటి వాటి మీద ఆడే) విభాగానికి పెట్టిన పద్ధతే దీనికి సాక్ష్యం. ప్రతి క్రీడాకారుడికీ ఆపకుండా విన్యాసాలు చేసే విడతలు రెండు, విడి విన్యాసాలు ఐదు, మొత్తం ఏడు స్కోర్లు. లెక్కలోకి తీసుకునేది అందులో మెరుగైన నాలుగే. ప్రపంచంలో అందరికంటే గొప్పగా ఆడేవాళ్లు కూడా పడతారని ముందే ఒప్పుకుని రాసుకున్న నియమం అది. ఆ పోటీలో మహిళల స్వర్ణం గెలిచిన జపాన్ అమ్మాయి మొమిజి నిషియాకు అప్పటికి 13 ఏళ్లు.

పెద్ద బోర్డు మీద ఒక్కో ఓటమికీ ధర చెల్లించాలి. బోర్డు మోకాలి కింది ఎముకకు కొడుతుంది, అరచేయి గీరుకుపోతుంది. దూరంగా దొర్లిపోయిన బోర్డును తెచ్చుకోవాలి, ఊపిరి తీసుకోవాలి, అన్నిటికంటే ముఖ్యంగా మళ్లీ ధైర్యం కూడగట్టుకోవాలి. ఇరవై ప్రయత్నాల తర్వాత ఒంట్లో శక్తి ఉండదు. వేళ్లతో అయితే అదే విన్యాసాన్ని నిమిషానికి పది, పదిహేనుసార్లు ప్రయత్నించొచ్చు. బోర్డు పడిపోతే రెండు వేళ్లతో తిప్పి పెట్టుకోవడమే. ఓటమికి ధర సున్నా. గెలుపు మాత్రం చవకైపోలేదు, అది ఎప్పటిలాగే అరుదుగానే వస్తుంది. మళ్లీ ఒక్కసారి, ఇంకొక్కసారి అని చేతులు ఆగకపోవడానికి ఇంతకంటే బలమైన కారణం అక్కర్లేదు. క్యారమ్స్ బోర్డు ముందు ఒంటరిగా కూర్చుని ఒకే కాయను ఒకే రంధ్రంలోకి వేయడం సాధన చేసినవాళ్లకు ఈ స్థితి బాగా తెలుసు. ఐదు రాళ్లాట ఆడినవాళ్లకూ తెలుసు. రాయి గాల్లో ఉన్న కాస్త వ్యవధిలో కిందివి ఊడ్చుకుని పైదాన్ని పట్టుకోవడం, ఇదీ ఒకే కుదురు పని.

వేళ్లే ఎందుకు ఇంత బాగా పనికొస్తాయన్నది శరీరశాస్త్రం చెప్పే సంగతి. అరచేయి వైపు చర్మంలో స్పర్శను పట్టుకునే నాడీ కొసలు ఒక్కో చేతికి దాదాపు 17,000 ఉంటాయి. అవి ఎక్కువ దట్టంగా ఉండేది వేలికొసల్లో. మాంట్రియల్‌లో పనిచేసిన వైద్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డ్ 1930లలో మెదడు పైపొరను స్వల్ప విద్యుత్తుతో తాకి చూస్తూ శరీరంలో ఏ భాగానికి ఎంత చోటు కేటాయించి ఉందో పటం గీశాడు. అందులో పాదాల కంటే, వీపు కంటే చేతివేళ్లకూ పెదాలకూ దక్కిన చోటు ఎన్నో రెట్లు ఎక్కువ. స్కేటర్ బూటు అడుగు నుంచి బోర్డును గ్రహించాలి. ఫింగర్‌బోర్డ్‌లో మధ్య బూటు లేదు. చర్మమే నేరుగా బోర్డు మీద ఉంటుంది. కిక్‌ఫ్లిప్ చేసి తిరుగుతున్న బోర్డును గాలిలోనే వేళ్లతో పట్టుకున్నప్పుడు, అది పైవైపా కిందివైపా అన్నది కన్ను కంటే ముందు వేలికే తెలుస్తుంది.

ఒక తేడాను మాత్రం దాచకూడదు. స్కేటర్, బోర్డు ఇద్దరూ ఒకే వేగంతో నేలకు దిగుతారు. ఫింగర్‌బోర్డ్ మీది చెయ్యి భుజానికి వేలాడుతూ ఉంటుంది, దానికి పడే అవసరం లేదు. కావాలంటే గాలిలో అలాగే ఆగిపోగలదు. అందుకే కొత్తవాళ్ల ఆటలో చెయ్యి పైన ఆగి, బోర్డు ఒక్కటే టప్పున పడుతుంది. చూడగానే తేలిపోతుంది. చేయి తిరిగినవాళ్ల వీడియోల్లో మణికట్టు ఒక మనిషి మొండెంలా బోర్డుతోపాటు లేస్తుంది, బోర్డుతోపాటు దిగుతుంది, దిగాక మోకాళ్లు వంచినట్టు వేలి కణుపులు వంగుతాయి. లేని బరువును ఉన్నట్టు చూపించడం అది. ఈ ఆటలో శైలి అనేది ఏదైనా ఉందంటే అందులోనే ఉంది. విన్యాసాల సంఖ్య కంటే ఆ ఒద్దికే ఎక్కువ కష్టం, ఎక్కువ అందం.

దీని పుట్టుక బొమ్మల కంపెనీలో జరగలేదు. స్కేటర్లే ఇంట్లో చేసుకున్నారు. 1980ల ప్రముఖ స్కేటర్లలో ఒకడైన లాన్స్ మౌంటెన్ 1985లో పావెల్ పెరాల్టా కంపెనీ తీసిన స్కేట్ వీడియోలో, తాను చేసుకున్న బుల్లి బోర్డును వంటింటి సింకులో వేళ్లతో నడిపి చూపించాడు. చెక్క ముక్కకు బొమ్మ రైలు ఇరుసులు బిగించిన బోర్డు అది. దాన్ని ఎలా తయారుచేసుకోవాలో ఒక స్కేట్‌బోర్డింగ్ పత్రికలో వ్యాసం కూడా రాశాడు.

సింకును ఎంచుకోవడం యాదృచ్ఛికమని అనిపించదు. దాని వెనక కాలిఫోర్నియా చరిత్ర ఉంది. 1970ల మధ్యలో అక్కడ పెద్ద కరువు వచ్చింది. ఇళ్ల వెనక ఉండే ఈతకొలనులు ఎండిపోయాయి. వాటి అంచులు నున్నగా వంపు తిరిగి గిన్నెల్లా ఉంటాయి. కుర్రాళ్లు గోడలు దూకి, ఆ ఖాళీ కొలనుల్లో బోర్డులు నడపడం మొదలుపెట్టారు. నేటి స్కేట్‌పార్కుల్లో కనిపించే లోతైన కాంక్రీట్ గిన్నెలు ఆ కొలనుల నకళ్లే. ఆ కొలనునే ఎనిమిదో వంతుకు కుదిస్తే వచ్చేది రెండు గుంటల సింకు. అదే వంపు, అదే నున్నదనం. ఒకరు ఇంకో పనికి కట్టుకున్న దాన్ని తమ ఆటకు మలుచుకునే కన్ను స్కేటర్లది. లాన్స్ మౌంటెన్ బోర్డును ఒక్కదాన్నే కుదించలేదు, ఆ కన్నును కూడా వంటింట్లోకి తెచ్చాడు.

ఆ కన్ను ఒకసారి అలవాటైతే ఇల్లు ఇల్లులా కనిపించదు. రెండు పుస్తకాలు ఒకదాని మీద ఒకటి పెడితే మెట్లు. స్టీల్ స్కేలు రెండు అగ్గిపెట్టెల మీద పెడితే బోర్డు జారిపోయే పట్టా. టిఫిన్ డబ్బా మూత అంచు, కిటికీ గట్టు, మంచం కోడు, అన్నీ ఏదో ఒకదానికి పనికొస్తాయి. ఇక్కడ తెలుగు ఇళ్లకు ఒక వరం ఉంది. వంటింటి గ్రానైట్ గట్టు. స్కేటర్లు ఊళ్లూ దేశాలూ దాటి వెతుక్కుంటూ వెళ్లే చోట్లు పాలిష్ పట్టిన రాతి అంచులున్న కూడళ్లే. ఫిలడెల్ఫియాలోని లవ్ పార్క్, బార్సిలోనాలో 1995లో తెరిచిన సమకాలీన కళల మ్యూజియం ముందరి ఆవరణ ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నది అందుకే. అంచు ఎంత నున్నగా ఉంటే ఇరుసు అంత బాగా జారుతుంది. ఇలాంటి పేరుమోసిన చోట్లను కాంక్రీటుతో, రాతితో చిన్నవిగా పోతపోసి ఇంట్లో పెట్టుకునే ఫింగర్‌బోర్డర్లున్నారు. గ్రానైట్ గట్టున్న ఇంట్లో ఆ శ్రమలో సగం తప్పుతుంది.

నిజం చెప్పాలంటే మన ఊళ్లలో పెద్ద స్కేట్‌బోర్డ్‌కు దారి అంత సులువు కాదు. హైదరాబాద్‌లోనైనా విశాఖలోనైనా పిల్లల్ని స్కేటింగ్ క్లాసుకు పంపడమంటే ఎక్కువగా రోలర్ స్కేట్లకే. రోడ్డు గరుకు, ఫుట్‌పాత్‌కు కొనసాగింపు ఉండదు, అపార్ట్‌మెంట్ కింద బోర్డు చప్పుడు చేస్తే వాచ్‌మన్ వస్తాడు. మధ్యప్రదేశ్ పన్నా జిల్లాలోని జన్వార్ అనే పల్లెలో 2015లో కట్టిన స్కేట్‌పార్క్ ఆ ఊరి పిల్లల జీవితాల్లోకి ఎంత వెలుగు తెచ్చిందో చాలామంది చదివే ఉంటారు. కానీ అలాంటి కాంక్రీట్ పార్కుకు స్థలం కావాలి, డబ్బు కావాలి, పట్టుబట్టే మనిషి కావాలి. ఫింగర్‌బోర్డ్‌కు చదువుకునే బల్ల మీద పుస్తకాలు పక్కకు జరిపితే వచ్చే జాగా చాలు.

వ్యాపారం సంగతి. దీన్ని ప్రపంచమంతా తిప్పింది టెక్ డెక్ అనే బ్రాండ్, 1998 నుంచి. ఆ బ్రాండ్ ఇప్పుడు కెనడాకు చెందిన స్పిన్ మాస్టర్ కంపెనీ చేతిలో ఉంది. టెక్ డెక్ తెలివంతా ఒక నిర్ణయంలో ఉంది. సొంతంగా బొమ్మలు గీయించుకోకుండా, నిజమైన స్కేట్‌బోర్డ్ కంపెనీల దగ్గర అనుమతి తీసుకుని, వాళ్ల బోర్డుల అడుగున ఉండే బొమ్మల్నే ఈ బుల్లి బోర్డుల మీద అచ్చు వేసింది. పెద్ద బోర్డు కొనలేని పిల్లాడికి, కొన్నా ఎక్కడానికి అమ్మ ఒప్పుకోని పిల్లాడికి, తన అభిమాన స్కేటర్ బోర్డు జేబులోకి వచ్చింది. సేకరించే అలవాటు దానికి తోడైంది.

ఆడటం ముదిరినవాళ్లు ప్లాస్టిక్ దగ్గర ఆగలేదు, చేత్తో చేసిన చెక్క బోర్డుల వైపు వెళ్లారు. ఆ మలుపు అమెరికాలో కంటే జర్మనీలో గట్టిగా జరిగింది. బవేరియా ఉత్తరాన శ్వార్జెన్‌బాఖ్ అనే చిన్న ఊరు ఉంది. సాలె నది ఒడ్డున, జనాభా పదివేలు కూడా ఉండదు. డొనాల్డ్ డక్ కామిక్స్‌ను జర్మన్‌లోకి అద్భుతంగా అనువదించిన ఎరికా ఫుక్స్ అక్కడే ఉండేది, ఆవిడ పేరుతో 2015లో మ్యూజియం కూడా పెట్టారు. ఆ ఊళ్లోనే మార్టిన్ ఎహ్రెన్‌బెర్గర్ బ్లాక్‌రివర్ అనే సంస్థ పెట్టి ఫింగర్‌బోర్డ్ ర్యాంపులు, ట్రక్కులు (చక్రాల ఇరుసును బోర్డుకు బిగించే భాగాలు) తయారుచేయించాడు. సంస్థ పేరు ఆ ఊరి పేరే, ఇంగ్లీషులోకి మార్చారు: నల్లవాగు అని అర్థం. ఫాస్ట్ ఫింగర్స్ పేరుతో అక్కడ జరిగే పోటీలకు దేశదేశాల నుంచి ఫింగర్‌బోర్డర్లు వచ్చేవారు. బెర్లిన్‌లో బెర్లిన్‌వుడ్, అమెరికాలో మసాచుసెట్స్‌కు చెందిన ఫ్లాట్‌ఫేస్ అనే సంస్థలు ఈ చేతిపనికి పేరు తెచ్చాయి. జర్మనీ, మసాచుసెట్స్ రెండు చోట్లా చలికాలం పొడవు, మంచు కురుస్తుంది, నెలల తరబడి బయట బోర్డు ఎక్కడం కుదరదు. ఆ నెలల్లో కిటికీ పక్క బల్ల మీదకు ఆట చేరడం సహజమే అనిపిస్తుంది.

చెక్క బోర్డు తయారీ పెద్ద బోర్డు తయారీలాగే ఉంటుంది. పెద్దదానికి మేపుల్ చెక్క పల్చటి పొరలు ఏడు, దీనికి సాధారణంగా ఐదు. పొరల మధ్య జిగురు రాసి, వంపు తిరిగిన అచ్చులో నొక్కి ఆరబెడతారు. ఆరాక ఆకారానికి కోసి, ట్రక్కుల మరలకు రంధ్రాలు వేసి, అంచులు అరగదీసి, పైన వార్నిష్ పూస్తారు. ట్రక్కులు లోహంవి. చక్రాల్లో నిజమైన బాల్ బేరింగులుంటాయి, గోటి కంటే చిన్నవి. ఇదంతా ఒక మనిషి తన గదిలో చేయగలిగిన పని కావడం వల్ల, ఆడేవాళ్లే తయారుచేసేవాళ్లు కావడం ఇక్కడ చాలా మామూలు.

ఇక్కడే ఈ వస్తువు అసలు రూపం బయటపడే ఒక వివరం ఉంది. పెద్ద స్కేట్‌బోర్డ్ పొడవు 32 అంగుళాలు, వెడల్పు 8 అంగుళాల పైన అనుకుంటే, దాన్ని అదే నిష్పత్తిలో కుదిస్తే వెడల్పు 25 మిల్లీమీటర్లు రావాలి. తొలినాళ్ల టెక్ డెక్ బోర్డులు 26 మిల్లీమీటర్ల దగ్గర ఉండేవి, అంటే నకలుగా చూస్తే దాదాపు సరైన కొలత. శ్రద్ధగా ఆడేవాళ్లు ఇప్పుడు వాడేది 32, 34 మిల్లీమీటర్లవి. నిష్పత్తి ప్రకారం అది తప్పు. పెద్ద బోర్డు అంత వెడల్పుగా ఉంటే చూసేవాళ్లకు వింతగా ఉంటుంది. కానీ వేలికి ఆ వెడల్పే కుదురుతుంది. తిరిగే బోర్డు దొరుకుతుంది, దిగాక నిలుస్తుంది. నకలు కావాలా, ఆట కావాలా అన్న చోట ఆడేవాళ్లు ఆటనే ఎంచుకున్నారు. బొమ్మ సొంత కాళ్ల మీద నిలబడిందంటే ఇదే. చిన్న స్కేట్‌బోర్డ్ అనే గుర్తింపు దాటి అది తనకంటూ ఒక ఆట అయింది.

అందుకే దీన్నుంచి పెద్ద ఆట వచ్చేస్తుందని ఆశించడం సరికాదు. కిక్‌ఫ్లిప్‌లో బోర్డు ఎటు తిరుగుతుంది, 360 డిగ్రీలు తిరిగే విన్యాసంలో వెనక కాలు ఎటు లాగాలి అన్నవి దీని మీద చక్కగా అర్థమవుతాయి. చాలామంది స్కేటర్లు స్నేహితుడికి ఒక విన్యాసం వివరించాల్సి వస్తే దీన్నే చేతిలోకి తీసుకుంటారు. శరీరం బరువును బోర్డు మీద నిలపడం, భయాన్ని దాటడం మాత్రం వేళ్లు నేర్పలేవు. ఒంటికి వ్యాయామమూ లేదు. గంటల తరబడి ఆడితే మణికట్టు నొప్పి పెడుతుంది, మధ్యమధ్య ఆపడం మంచిది. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో మరలు, నట్లు, ఊడిన చక్రాలు చేతికందకుండా చూడాలి, మింగితే ప్రాణం మీదకొస్తుంది. ఖర్చు కూడా అదుపు తప్పే అవకాశం ఉంది. ప్లాస్టిక్ బోర్డు కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. యూరప్ చెక్క బోర్డు, ట్రక్కులు, బేరింగ్ చక్రాలు అన్నీ కలిపితే వంద యూరోలు దాటేవి ఉన్నాయి. ఆట ఇంకా చేతికి రాకముందే సామాను మార్చుకుంటూ పోయే పిల్లలకు పెద్దవాళ్లు కాస్త అడ్డు చెప్పడమే మేలు. ఖరీదైన బోర్డు ఆలీని కాస్త సులువు చేస్తుంది గానీ, ఆ వందల ప్రయత్నాలను తప్పించలేదు.

మొదలుపెట్టేవాళ్లకు కావాల్సింది తక్కువే. బోర్డు కొత్తదైతే ట్రక్కు మధ్యనున్న నట్టును కొద్దిగా వదులు చేయాలి, లేకపోతే అది వంపు తిరగదు. గాజు బల్ల వద్దు, చప్పుడు చెవులకు గుచ్చుకుంటుంది. చెక్క బల్ల అయితే నయం, కింద పల్చటి రబ్బరు చాప వేస్తే ఇంట్లోవాళ్లకు ఇంకా నయం. నడిమివేలు టెయిల్ చివరన, చూపుడువేలు నడుమ. మొదటి వారం ఎదురుగా ఏమీ పెట్టుకోకూడదు, ఉన్నచోటే లేపడం, సమంగా దించడం. నాలుగు చక్రాలూ ఒకే చప్పుడు చేయడం మొదలయ్యాక ఎదురుగా ఒక పెన్సిల్ అడ్డం పెట్టాలి. పెన్సిల్ దాటాక నోట్‌బుక్. రెండో నోట్‌బుక్ దాని మీద పెట్టడానికి ఎన్నాళ్లు పడుతుందన్నది వేళ్లే చెప్పాలి.